వాలుకు అడ్డంగా: పద్నాలుగో వారం

పోయిన వారం వెనింగ్ టీచర్ని తుగిమన్ ఇంటి వంటగది గుమ్మం బయట, బురద బూట్లతో వదిలేసి వచ్చాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఆమెను లోపలికి పంపించే ముందు, కొత్తగా చేరినవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కథ తెలిసినవాళ్ళు దాటేయవచ్చు, నేనేమీ అనుకోను.

దియెంగ్ కొండల మీద సిలుంపాంగ్ అనే ఊరు. బంగాళాదుంప తప్ప మరో మాట వినబడని ఊరు. అక్కడి హైస్కూల్లో జాగ్రఫీ చెప్పడానికి సెమరాంగ్ పట్నం నుంచి వచ్చింది వెనింగ్. ఆ ఊరి రైతులు బోదెలు, అంటే దుంప నాటే మట్టి గట్లు, కొండ మీంచి కిందికి నిలువుగా తీస్తారు. వాన నీరు నిలవకుండా జారిపోతుంది. దానితో పాటు మట్టీ జారిపోతుంది. బోదెలు వాలుకు అడ్డంగా తీయాలి అని వెనింగ్ పాఠం చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. పిల్లల చేత ఒక్కో చేను కింద డబ్బాలు పెట్టించి, కొట్టుకొచ్చిన మట్టిని ఎండబెట్టించి, తూకం వేయించి, ఎవరి చేను ఎంత మట్టి పోగొడుతోందో రైతుల పేర్లతో సహా క్లాసు గోడకు అంటించింది. అందరికంటే పైన ఉన్న పేరు తుగిమన్‌ది. ఆయన కూతురు కినాంతి అదే క్లాసులో రెండో వరసలో కూర్చుంటుంది. తోటివాళ్ళు ఆ పిల్లకు 'బురదరాణి' అని పేరు పెట్టారు.

తండ్రి ఊళ్ళో లేని ఒక ఆదివారం కినాంతి నలుగురు స్నేహితురాళ్ళను వెంటేసుకుని వెళ్ళి, విత్తనం వేయడానికి సిద్ధం చేసి ఉంచిన ముప్పై బోదెల్ని అడ్డంగా తిప్పేసింది. నాలుగో రోజున వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు. బోదెల వెనక నిలిచిన నీళ్ళు ఒక్కసారిగా తెంచుకుని, కింద ఉన్న సాతిమా అవ్వ చేనునీ, ఆవిడ వంటింటినీ బురదలో పూడ్చేశాయి. దేవుడి దయ వల్ల అవ్వ ఆ వేళకు పొరుగింట్లో ఉంది.

అప్పటి నుంచి కినాంతి బడికి రాలేదు. తొమ్మిది రోజులైంది. శనివారం లోపు పరీక్షకు పేరు ఇవ్వకపోతే ఈ ఏడు చదువు లేనట్టే. ఒక ఏడు ఆగిన ఆడపిల్ల మళ్ళీ బడిలో కనిపించడం సిలుంపాంగ్‌లో ఇంతవరకూ జరగలేదు. తండ్రే మాన్పించాడని వెనింగ్ నమ్మకం. బతిమాలో, కాదంటే దెబ్బలాడో పిల్లను తీసుకుపోవాలని గురువారం మధ్యాహ్నం బడి వదలగానే బయల్దేరింది. ఇక లోపలికి పోదాం.

"బూట్లు విప్పక్కర్లేదులెండి" అంది కినాంతి తల్లి సులాసి, గుమ్మంలోకి వచ్చి. "మా ఊళ్ళో బురదేం కొత్త కాదుగా. మీరే కదా తూకం కూడా వేశారు."

వెనింగ్ బూట్లు విప్పేసి లోపలికి నడిచింది. ఆ కొండల మీద ఇంటికొచ్చిన మనిషిని ముందు గదిలో కూర్చోబెట్టరు. చలికి అక్కడ కూర్చుంటే చుట్టరికం కూడా గడ్డకడుతుంది. తిన్నగా పొయ్యి దగ్గరికే తీసుకుపోతారు. పొయ్యికి అటువైపు తుగిమన్ లుంగీని భుజాల చుట్టూ కప్పుకుని, మంట ఎగదోస్తూ కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. చిన్న పీట మీద ముడుచుకుని కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"కూర్చోండి, బూ" అన్నాడు. అక్కడ టీచర్ని అలాగే పిలుస్తారు.

సులాసి గ్లాసుడు టీ తెచ్చి వెనింగ్ ముందు పెట్టింది. తెంపే అని, సోయా గింజల అచ్చులు, వాటిని వేయించిన ముక్కలు కూడా పెట్టింది. పెట్టి, పొయ్యి పక్కన చతికిలబడి ఉల్లిపాయలు ఒలవడం మొదలుపెట్టింది. 'తాగండి' అనలేదు. ఇంటివాళ్ళు ఆ మాట అనేదాకా గ్లాసు ముట్టుకోకూడదని వెనింగ్‌కు తెలుసు. సులాసికీ తెలుసు. టీ మీంచి ఆవిరి పోతూనే ఉంది. ఇంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని వెనింగ్‌కు అనిపించింది.

అక్కడ పెద్దవాళ్ళను పిలిచినట్టే 'పాక్' అని మర్యాదగా పిలిచి, దారిలో తయారుచేసుకున్న మాటలు ఎత్తుకుంది. "పాక్ తుగిమన్, కినాంతి మామూలు పిల్ల కాదు. నా క్లాసులో అలాంటి తెలివి మరొకరికి లేదు. ఏదో తెలియక చేసిన పనికి చదువు మాన్పిస్తే రేపు మీరే బాధపడతారు. ఆడపిల్ల కదా అని..."

"ఎవరు మాన్పించారు?" అన్నాడు తుగిమన్.

ఆయన బయట వాకిలి వైపు చెయ్యి చూపించాడు.

"రోజూ పొద్దున్నే బండి తుడిచి వాకిట్లో పెడుతున్నా. ఎక్కమ్మా, దింపేస్తా అంటున్నా. ఎక్కదు. తొమ్మిది రోజులు. బండికే విసుగొచ్చింది బూ, స్టార్ట్ కానంటోంది."

"మరి... మీకు కోపమొచ్చి..."

"కోపమా? ఈయనకా?" సులాసి ఉల్లిపాయ చేత్తోనే భర్త వైపు చూపించింది. "కోపమొస్తే బాగుండేది. ఊరు ఊరంతా పోగైన చోట నిలబడి, బోదెలు తిప్పింది నేనే, కొత్త పద్ధతేదో చూద్దామని తిప్పానని చెప్పొచ్చాడు మహానుభావుడు. యాభై ఏళ్ళొచ్చినా బుద్ధి రాలేదని అందరూ నవ్వారు. నవ్వనీ. రేపు జుమ్మా నమాజు అయ్యాక పెద్దలు కూర్చుని తేలుస్తారంట. పై చేను ఈ పంటకి సాతిమా అవ్వకి వదిలెయ్యాలంట. వదిలేస్తాడు. మేం దుంపలకి బదులు గాలి తింటాం."

"నువ్వూరుకో" అన్నాడు తుగిమన్ మెల్లగా.

"ఊరుకునే కదా ఇక్కడిదాకా వచ్చింది! పిల్ల ఈయనకి ఎదురుగా కంచం ముందు కూర్చోదు బూ. నా కోసం అబద్ధం ఎందుకు చెప్పావంటుంది. పైన విత్తన దుంపల అటక మీదే ఉంటుంది. తిండీ అక్కడే, పడకా అక్కడే. ఎలకల్తో కాపరం."

వెనింగ్ తలెత్తి చూసింది. అటక చెక్కల సందులో రెండు పాదాలు కనిపించాయి. అవి కదల్లేదు. పిల్ల అంతా వింటోంది.

తండ్రిని దోషిగా నిలబెట్టి మాట్లాడాలని వచ్చిన మనిషి వెనింగ్. ఇక్కడ చూస్తే దోషి పీట ఖాళీగా ఉంది. ఆ పీట మీద తనే కూర్చుని ఉందేమోనని అప్పుడే ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది.

తుగిమన్ టోపీ తీసి, దాని మడతలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి బయటికి తీశాడు. పొయ్యి వెలుగులో విప్పి ఆమెకు అందించాడు. "నాకు చదవడం అంతంత మాత్రం. రెండు రోజులు పట్టింది. సరిగ్గానే చదివానో లేదో మీరు చెప్పండి."

వెనింగ్ ఆ కాగితాన్ని చూడగానే గుర్తుపట్టింది. అది తన ప్రశ్నాపత్రమే. పాఠం చెప్పక ముందు ఒకసారి, చెప్పాక మరొకసారి పిల్లల చేత నింపించింది. నేల గురించి పిల్లల మనసు ఎంత మారిందో కొలవడానికి. మట్టిని తూచినట్టే మనసుల్నీ తూచేయవచ్చని జిల్లా ఆఫీసులో ఎవరో చెప్పారు, ఈమె నమ్మింది. పాఠానికి ముందు 'నేల పాడవడానికి రైతే కారణం' అన్నవాళ్ళు ముప్పై రెండు మందిలో పదకొండు. పాఠం అయ్యాక ముప్పై. ఆ అంకెలు చూసి వెనింగ్ ఎంత పొంగిపోయిందో ఆరో వారంలో చదివే ఉంటారు. ఆ రిపోర్టు పైకి పంపింది, శెభాష్ అనిపించుకుంది.

కాగితం చివర ఒక ప్రశ్న ఉంది. మీ ఊరి నేల పాడవడానికి కారణం ఎవరని నీ అభిప్రాయం?

కినాంతి గుండ్రటి అక్షరాల్లో ఒక్క మాటే రాసింది. 'మా నాన్న.'

దాని కింద ఎర్ర సిరాతో, వెనింగ్ దస్తూరీ. 'ధైర్యంగా రాశావు. చాలా బాగుంది!' పక్కన టిక్కు. పదికి పది.

వెనింగ్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ మాటలు రాసిన రోజు కూడా గుర్తుంది. స్టాఫ్ రూములో పక్క టీచర్‌కు చూపించి మురిసిపోయింది. ఆ 'నాన్న' అనే మనిషికి రెండు మోకాళ్ళు, ఒక టోపీ, చదవడానికి రెండు రోజులు పట్టే కళ్ళు ఉంటాయని ఆమెకు అప్పుడు తోచలేదు.

"సరిగ్గానే చదివారు" అంది.

"రాసింది తప్పని నేననడం లేదు" అన్నాడు తుగిమన్. "నిలువు బోదె వేస్తే మట్టి పోతుందని మాకు తెలీదనుకున్నారా? డబ్బాలు పెట్టి చూడాలా? కింద వాగు ఏ రంగులో పారుతుందో రోజూ చూస్తూనే ఉన్నాం. కానీ బూ, నీళ్ళు నిలబడితే దుంప కుళ్ళుతుంది. దుంప కుళ్ళితే ఈ ఏడాదే పోతాం. మట్టి పోతే నా మనవడి కాలానికి పోతాం. ముందొచ్చే చావునే కదా ఎవడైనా ముందు చూసుకునేది."

ఆ లెక్క వెనింగ్ పుస్తకంలో లేదు.

"మా నాన్న అడ్డంగానే వేసేవాడు" అన్నాడు ఆయన ఉన్నట్టుండి.

"ఏంటి?"

"అడ్డ బోదెలే. మొక్కజొన్న, పొగాకు వేసే రోజుల్లో. మీరు కొత్తగా తెచ్చిందేం కాదు. ఏడు బోదెలకో మురుగు కాలువ తీసేవాడు. బోదె కూడా తిన్నగా కాదు, కాలువ వైపు చిటికెడు వాలి ఉండేది. ఆ చిటికెడు ఎంతో కాలితో తొక్కి చూసి చెప్పేవాడు. కాలువ అడుగున రాళ్ళు పరిచేవాళ్ళం. నేను మోశాను ఆ రాళ్ళు, మా కినాంతి వయసులో. దుంప వచ్చాక కాలువలు పూడ్చేశాం. ప్రతి అడుగూ బోదెకే కావాలని. ఆశ." ఆయన పుల్లతో బూడిదలో ఒక అడ్డగీత గీశాడు. "పిల్లలు బోదెలు బాగా తిప్పారు బూ. నిజంగా బాగా తిప్పారు. ఒక్క కాలువ తీసుంటే నిలిచేవి. మీరు బోదె చెప్పారు. కాలువ చెప్పలేదు."

కాలువ పాఠంలో ఉంది. ఆ విషయం ఈ ప్రపంచంలో వెనింగ్‌కు ఒక్కదానికే తెలుసు. తర్వాతి పేజీలో బొమ్మతో సహా ఉంది. పరీక్షలో ఆ పేజీ లోంచి ప్రశ్న రాదు. డబ్బాల తూకాలతో పీరియడ్లు అయిపోయాయి. జిల్లా ఆఫీసు వాళ్ళు చూడ్డానికి వచ్చే రోజు దగ్గర పడింది. ఆ పేజీ వదిలేసింది. వదిలేసిన సంగతి కూడా ఇన్నాళ్ళూ మర్చిపోయింది.

ఇప్పుడు ఆ మాట చెప్పకుండా ఇంటికి పోవచ్చు. ఎవరూ అడగరు. నేను వెనింగ్‌ను ఇన్ని వారాలుగా ఆట పట్టిస్తూనే ఉన్నాను, కానీ ఈ ఒక్క చోట ఆమె మీద నాకు గౌరవం. చెప్పేసింది.

"ఆ పేజీ పుస్తకంలో ఉంది" అంది. "నేనే చెప్పలేదు. టైము లేదని వదిలేశాను. తప్పు మీ అమ్మాయిది కాదు, మీదీ కాదు. నాది."

సులాసి ఉల్లిపాయ ఒలవడం ఆపి, ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. తర్వాత చల్లారిన టీ గ్లాసు తీసుకుని పారబోసి, వేడిగా మళ్ళీ పోసి తెచ్చింది.

"తాగండి" అంది.

వెనింగ్ రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. అప్పుడు నిచ్చెన కిర్రుమంది. కినాంతి దిగి వచ్చింది. జుట్టులో దుంపల దుమ్ము, కళ్ళ కింద నలుపు. తొమ్మిది రోజుల్లో పిల్ల సగమైపోయింది. తండ్రి వైపు చూడకుండా, టీచర్ ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు క్లాసులో నేనొకటి అడిగాను. గుర్తుందా బూ?"

గుర్తుంది. 'అడ్డంగా వేస్తే నీళ్ళు ఎటు పోతాయి, బూ?' అని అడిగింది. గంట కొట్టే వేళ.

"గుర్తుంది" అంది వెనింగ్. "నేలలోకి ఇంకిపోతాయని చెప్పాను."

"అన్నీనా అనడిగాను. అన్నీ అన్నారు."

"అన్నాను."

"మీకు తెలుసా, అప్పుడు?"

"తెలీదమ్మా."

"తెలీదని అనుంటే నేను మా నాన్నని అడిగేదాన్ని." కినాంతి కళ్ళు తండ్రి వైపు ఒక్కసారి వెళ్ళి వచ్చాయి. "మా నాన్నకేం తెలుసులే అనుకున్నాను. మీ పాఠం విన్నాక మా నాన్నకేమీ తెలీదనుకున్నాను."

తుగిమన్ తల వంచుకుని మంట ఎగదోశాడు. దాని అవసరం ఏమీ లేదు, మంట బాగానే మండుతోంది. సులాసి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఈ ఉల్లిపాయలొకటి" అంది.

"రేపు క్లాసులో ఇదంతా చెబుతాను" అంది వెనింగ్. "గోడ మీద పట్టిక తీసేస్తాను. నాకు తెలీకుండానే తెలుసన్నానని అందరి ముందూ చెబుతాను. ఆ పేజీ చెప్పడానికి... మీ నాన్న వస్తే, మీ నాన్న చేతే చెప్పిస్తాను."

"నేనా? క్లాసులోనా?" తుగిమన్ కంగారుపడ్డాడు. "సుద్దముక్క పట్టుకోవడం కూడా రాదు నాకు."

"గునపం పట్టుకుని చెబుదువుగాని" అంది సులాసి.

కినాంతి నవ్వలేదు గానీ పెదవుల దగ్గర ఏదో కదిలింది. "నిజంగా చెబుతారా బూ? ఉన్నదున్నట్టు?"

"ఉన్నదున్నట్టు."

"అయితే రేపు వస్తాను."

వెనింగ్ గుండెల మీంచి బరువు దిగిపోయింది. కథ ఇక్కడ ఆపేస్తే నాకూ హాయిగానే ఉండేది. కానీ అప్పుడే బయట చెప్పుల చప్పుడైంది. మధ్యాహ్నపు మంచు గుమ్మంలోకి దిగింది, దానిలోంచి సాతిమా అవ్వ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పిలవక ముందే వచ్చి పొయ్యి దగ్గర చేతులు చాచి కాచుకుంది.

"అబ్బో, టీచరమ్మ కూడా ఇక్కడే ఉంది. మంచిదైంది. మీ ఇంటిదాకా నడిచే ఓపిక లేదు నాకు." తుగిమన్ వైపు తిరిగింది. "ఒరే, ఆ ఆదివారం నేను చేలోనే ఉన్నాను. ఐదుగురు పిల్లలూ పారలు పట్టుకుని తిప్పడం నా కళ్ళతో చూశాను. నా చేత్తో నీళ్ళు కూడా ఇచ్చాను వాళ్ళకి. నేనే తిప్పానని నువ్వు అందరి ముందూ చెబుతుంటే, పెద్దమనిషి మర్యాదగా అబద్ధమాడుతున్నాడు, మధ్యలో నేనెందుకని ఊరుకున్నాను. కానీ నీ చేను లాక్కుని నాకిస్తారంటే ఎట్లా ఊరుకుంటాను? ఆ పాపపు దుంప నాకు అరుగుతుందా? పొద్దున్నే పోయి ఊరి పెద్దకి చెప్పేశాను."

తుగిమన్ నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆ మాట అప్పుడే మిగతా నాలుగిళ్ళకీ పాకింది. ఇదేనా బడిలో నేర్పేది అని తల్లిదండ్రులు ఒకటే గోల. పిల్లల్ని మాన్పించేస్తామంటున్నారు, నలుగుర్నీ. ఊరి పెద్ద నన్నొకటే అడిగాడు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చేశారా, టీచర్ పంపితే చేశారా అని. టీచర్ పంపితే పిల్లల తప్పు లేదు, టీచర్ని వెనక్కి పంపేస్తే సరిపోతుందంట. లేదంటే పిల్లల మీదికే వస్తుంది. నాకు తెలీదు, అడిగొస్తానని చెప్పి వచ్చాను." అవ్వ వెనింగ్ వైపు తిరిగింది. "చెప్పు తల్లీ. నువ్వే పంపావా?"

పంపలేదు. ఆ ఆదివారం వెనింగ్ సెమరాంగ్‌లో వాళ్ళమ్మ దగ్గర ఉంది. పిల్లలు ఇంత పని చేస్తారని కల్లో కూడా అనుకోలేదు. కానీ పంపలేదంటే ఐదుగురు పిల్లల చదువు ఇవాళ్టితో సరి. పంపానంటే పోయేది తన ఉద్యోగం ఒక్కటే. తను చేసిన దానికి ఆ మాత్రం శిక్ష పడితే న్యాయమే అనిపించింది. క్షణం పట్టలేదు.

"అవును" అంది. "నేనే పంపాను."

చెప్పాక ప్రాణం తేలికపడింది. మంచిపని చేశాననుకుంది. తృప్తిగా కినాంతి వైపు చూసింది.

ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీరు కూడానా, బూ?"

"అది కాదమ్మా, నీ కోసమే..."

"మా నాన్నా నా కోసమే అన్నాడు!" కినాంతి అరిచింది. "ఉన్నదున్నట్టు చెబుతానని ఇప్పుడే కదా అన్నారు! ఆ టీ కూడా ఇంకా చల్లారలేదు!"

అంతే. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది. తుగిమన్ లేచేలోపే మంచు ఆ పిల్లను మింగేసింది. ఆయన భుజాల మీది లుంగీ జారవిడుచుకుని వెనకాలే పరిగెత్తాడు. వెనింగ్ బూట్ల కోసం వెతుక్కుంది. ఒక్కటే దొరికింది. అదీ వదిలేసి వాకిట్లోకి వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఏముందో కనిపించడం లేదు. ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

కాసేపటికి ఊరి ఆఫీసు మైకు గరగరలాడింది. ఎరువు లారీ వచ్చినప్పుడో, ఎవరైనా పోయినప్పుడో మోగే మైకు అది. ముందు ఎవరిదో ఆయాసం వినిపించింది. తర్వాత, వణుకుతూనే అయినా ప్రతి మాటా స్పష్టంగా, ఆడపిల్ల గొంతు ఆ కొండలన్నిటి మీదా వినిపించింది.

"నేను తుగిమన్ గారి అమ్మాయి కినాంతిని. ఆ బోదెలు తిప్పింది మా నాన్న కాదు. తిప్పమని ఎవరూ చెప్పలేదు. బూ వెనింగ్ కూడా చెప్పలేదు. ఆవిడ మీకు అబద్ధం చెప్పారు. తిప్పింది నేను. నాతో ఎవరొచ్చారో చెప్పను, అడగొద్దు. ఎందుకు తిప్పానో మాత్రం చెబుతాను, దయచేసి వినండి. మా క్లాసులో..."

మైకులో పెనుగులాట చప్పుడైంది. "ఎవర్నడిగి ముట్టుకున్నావ్? వదులు!" అని ఒక మగగొంతు. ఏదో కింద పడింది.

మైకు ఆగిపోయింది.